జైసా... త్సైసా?

‘జెడ్‌’ అనగానే మా జహీరాబాద్‌వాళ్ళకి ఊరి పేరే గుర్తొస్తుంది. ఆ అలవాటుతోనే హైదరాబాద్‌లో ఓ షూటింగులో లెన్సు మీది పేరు చదివి ‘కార్ల్ జైస్’ అన్నాను. కెమెరా అసిస్టెంటు పకపకా నవ్వాడు. అడగాలనుకున్న నాలుగు ప్రశ్నలూ గొంతులోనే ఉండిపోయాయి!

తర్వాత తెలిసింది. జర్మన్‌లో ‘జెడ్‌’ని ‘త్స’ అంటారు. 1846లో యేనాలో పుట్టిన ఆ కంపెనీ ‘త్సైస్’. ఇంగ్లీషువాళ్ళకి మాత్రం అది ‘జైసే’! ఫ్రెంచి ‘ఆంజెన్యో’లో చివరి ‘ఎక్స్’ మూగది.

1974లో తొలి తెలుగు సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. దృశ్యాన్ని నొక్కి ఫిల్ముకెక్కించి, తెరమీద విప్పే ఆ పద్ధతి ఆంరీ క్రెత్యాఁ అనే ఫ్రెంచాయన లెన్సు చలవే. ఆయన పేరు పలకడం రాకపోయినా మనవాళ్ళు ఈలలు వేయలేదూ?

తమ్ముళ్ళూ, ఉచ్చారణ ఒక్కరోజులో వస్తుంది. నవ్వుతారని అడగడం మానేస్తే మాత్రం పనే రాదు.