నెట్‌వర్క్ మొత్తం డౌన్ అయినా రౌటర్‌లోకి వెళ్లొచ్చు: కన్సోల్ సర్వర్‌లో సీరియల్ పోర్ట్ సెట్టింగ్స్ ఇలా

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి, గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక్క కమాండ్‌తో కంపెనీ బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ డౌన్ అయింది. ఇలాంటప్పుడు ఆదుకోవాల్సిన అవుట్ ఆఫ్ బ్యాండ్ నెట్‌వర్క్, అంటే దొడ్డిదారి కూడా పనిచేయలేదు. చివరికి ఇంజనీర్లే డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది.

అలాంటి దొడ్డిదారిలో సాధారణంగా ఉండే బాక్సే కన్సోల్ సర్వర్. రౌటర్, స్విచ్‌ల కన్సోల్ పోర్ట్‌కు ఐపీ అడ్రస్ అక్కర్లేదు. ఆ పోర్టులన్నింటినీ సీరియల్ కేబుల్స్‌తో ఈ బాక్స్‌కు కలిపితే, ఎక్కడి నుంచైనా వాటిలోకి లాగిన్ అవ్వొచ్చు. కాకపోతే సెట్టింగ్స్ కరెక్ట్‌గా ఉండాలి. అవేంటో చూద్దాం.

1. బాడ్ రేట్
ఇది డేటా వెళ్లే స్పీడ్. రెండు వైపులా ఒకటే ఉండాలి. సిస్కో రౌటర్లలో సాధారణంగా 9600, రాస్‌బెర్రీ పై కన్సోల్‌లో 115200. తేడా వస్తే స్క్రీన్‌పై పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి.

2. 8ఎన్1
8 డేటా బిట్స్, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. స్టార్ట్ బిట్ కూడా కలిపితే ఒక్కో అక్షరానికి 10 బిట్స్. అంటే 9600 దగ్గర సెకనుకు 960 అక్షరాలే. టెక్స్ట్‌కు ఇది చాలు.

3. ఫ్లో కంట్రోల్
ముందు 'నన్' పెట్టండి. కేబుల్‌లో ఆ వైర్లు లేకుండా హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేస్తే, మీరు టైప్ చేసింది అవతలికి వెళ్లకపోవచ్చు.

4. కేబుల్
కన్సోల్ పోర్ట్ చూడ్డానికి ఈథర్నెట్ పోర్ట్‌లాగే ఉంటుంది, కానీ అందులో నడిచేది ఆర్‌ఎస్-232. కొన్ని బాక్సులకు మామూలు ప్యాచ్ కేబుల్ సరిపోతుంది, కొన్నింటికి 1వ పిన్ అవతల 8కి వెళ్లే రోల్‌ఓవర్ కేబుల్ కావాలి. మాన్యువల్‌లో పిన్ అవుట్ చూసుకోండి.

5. పోర్ట్ నంబర్, పేరు
ఓపెన్‌గేర్ బాక్సుల్లో ఎస్‌ఎస్‌హెచ్ కోసం డిఫాల్ట్‌గా 3000కి సీరియల్ పోర్ట్ నంబర్ కలపాలి. 5వ పోర్ట్ అంటే 3005. ప్రతి పోర్ట్‌కూ డివైస్ పేరు పెట్టండి. అర్ధరాత్రి కంగారులో వేరే రౌటర్‌ను రీబూట్ చేసే ప్రమాదం తప్పుతుంది.

6. సెక్యూరిటీ
టెల్నెట్ ఆఫ్ చేయండి, పాస్‌వర్డ్ కూడా ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. రౌటర్ వైపు టైమ్‌అవుట్ పెట్టండి. ఒకరు లాగ్ అవుట్ అవ్వకుండా వదిలేస్తే, తర్వాత కనెక్ట్ అయినవాళ్లకు అదే సెషన్ ఓపెన్‌గా దొరుకుతుంది.

ఇంట్లో ట్రై చేయాలంటే
రాస్‌బెర్రీ పై, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, సెర్‌టూనెట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. పై జీపీఐఓ పిన్స్ 3.3 వోల్ట్‌లవి, వాటిని నేరుగా ఆర్‌ఎస్-232కి కలిపితే బోర్డ్ కాలిపోవచ్చు. అడాప్టర్లు రెండు మూడు ఉంటే రీబూట్ తర్వాత వాటి నంబర్లు మారిపోవచ్చు, కాబట్టి సీరియల్ ఐడీతో గుర్తించేలా సెట్ చేయండి.

చివరగా ఒక టెస్ట్. కన్సోల్ సర్వర్ కూడా అదే రౌటర్ మీద ఆధారపడితే రెండూ కలిసే పోతాయి. అందుకే దానికి 4జీ లాంటి వేరే కనెక్షన్ ఇవ్వండి. తర్వాత మెయిన్ ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, మీ ఫోన్ మొబైల్ డేటాతో లాగిన్ అవ్వండి. లాగిన్ ప్రాంప్ట్ వస్తేనే సెటప్ పూర్తయినట్టు.