వార్తల్లో పదం: ప్రోగ్రెసివ్ హౌస్

హౌస్ షికాగో క్లబ్బుల్లో 1980లలో పుట్టిన నృత్య సంగీతం. అది బ్రిటన్ చేరాక తొందర తగ్గించుకుని, పొర మీద పొరగా పెరిగే బాణీగా మారింది. 1992లో మిక్స్‌మ్యాగ్ పత్రికలో డామ్ ఫిలిప్స్ దాన్ని ప్రోగ్రెసివ్ హౌస్ అన్నారు. దీని వేగం నిమిషానికి సుమారు 120 నుంచి 130 బీట్లు. మొదట డ్రమ్ము ఒక్కటే మోగుతుంది. తర్వాత బేస్ కలుస్తుంది, ఆపైన స్వరాలు. మధ్యలో డ్రమ్ము ఆగి, మళ్లీ అందుకునే క్షణం కోసమే జనం ఎదురుచూస్తారు. అందుకే దీని సమీక్షకులు పల్లవి కన్నా ఓపికకు ఎక్కువ మార్కులు వేస్తారు.

పాత పాటను ఈ బాణీలోకి మార్చడమూ రీమిక్సే. కానీ మన దగ్గర రీమిక్స్ అనగానే సినిమా పాటే గుర్తొస్తుంది. 'యముడికి మొగుడు' (1988)లోని 'అందం హిందోళం' 2016లో 'సుప్రీమ్'లో మళ్లీ వినిపించింది. ఇలాంటి పాటలు వచ్చినప్పుడల్లా పాతదాన్ని చెడగొట్టారా, స్టెప్పులు కుదిరాయా అన్నదే చర్చ. కొత్త శబ్దం పాటకు ఏం చేసిందో చెప్పేవాళ్లు తక్కువ. ఇది మన సమీక్షల్లో పెద్ద లోటే.

సినిమా దాటి చూస్తే, ఈ బాణీకి సరిపోయే పాట అన్నమయ్య కీర్తనల్లోనే ఉంది. అహోబిల మఠం స్థాపకులు ఆదివణ్ శఠకోప యతి దగ్గర అన్నమయ్య చదువుకున్నారంటారు. కదిరి నరసింహస్వామిపై అన్నమయ్య రాసిన 'నవమూర్తులైనట్టి నరసింహము' వింటే అహోబిలం నవ నారసింహులు కళ్లముందు నిలుస్తారు. అందులో 'నరసింహము' అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ కొత్త రూపంతో. ప్రోగ్రెసివ్ హౌస్‌కు ఇంతకన్నా అనువైన నిర్మాణం దొరకదు. ఎవరైనా దీన్ని అలా రీమిక్స్ చేస్తే గొంతును ముక్కలు చేయకుండా, డ్రమ్మును ఆ మాట దగ్గరే ఆపాలి.