ల్యాబువాళ్ల ‘నార్మల్’ మీకు నార్మల్ కాదు

బోనకల్ స్టేషన్‌లో ఖమ్మం వెళ్లే రైలు కోసం కూర్చున్నవాళ్లలో ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. డాక్టరు చీటీలు, సగం వాడిన బిళ్లల అట్టలు, రక్తపరీక్ష రిపోర్టులు అన్నీ అందులోనే. అలాంటి ఓ మిరప రైతు నాకు తన రిపోర్టు చూపించాడు. పదేళ్లుగా షుగర్, రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్. చెడు కొవ్వు, అదే ఎల్‌డీఎల్, 96 ఉంది. పక్కన ‘100 లోపు’ అని అచ్చు వేసి ఉంది. “నార్మలే కదండీ, అందుకే కొవ్వు బిళ్ల ఆపేశా” అన్నాడు. నాకు గుండె గుభేలుమంది.

అపోహ: రిపోర్టులో వేసిన హద్దు దాటకపోతే భయం లేదు.

వాస్తవం: ఆ హద్దు ఊరందరికీ కలిపి వేసింది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు, షుగర్ ఉన్నవాళ్లకు 70 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో స్పష్టంగా చెప్పింది. షుగర్ ఉన్నవారిలో ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, చిక్కగా తయారై రక్తనాళం గోడలోకి తేలిగ్గా దూరతాయి. దానికి తోడు ట్రైగ్లిజరైడ్లనే మరో రకం కొవ్వులు పెరుగుతాయి, మంచి కొవ్వు తగ్గుతుంది. అందుకే అదే 96 షుగర్ లేని పక్కింటాయన కంటే ఈ రైతుకు ఎక్కువ ముప్పు. పైగా ఆ 96 బిళ్ల వేసుకుంటుండగా వచ్చిన అంకె. ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ పైకి పోతుంది.

అపోహ: చేలో కష్టపడేవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు కొవ్వు పెరగదు.

వాస్తవం: ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయమే తయారుచేస్తుంది. వంశం నుంచీ వస్తుంది. ఊళ్లూ పట్నాలూ కలిపి చూసిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 81.2 శాతం మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉంది. మూడు పూటలా తెల్లన్నమే తింటే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, పళ్లెంలో నెయ్యి చుక్క లేకపోయినా సరే.

అపోహ: ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉన్న నూనె ఎంతైనా వాడొచ్చు.

వాస్తవం: ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, అది గొప్పేమీ కాదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో దాదాపు సగం అదే, ఎల్‌డీఎల్‌ను పెంచేదీ అదే. నూనె తగ్గించడం మంచిదే. అయితే స్టెంట్ పడ్డాక పథ్యం ఒక్కటే చాలదు, బిళ్ల కూడా కావాలి.

అపోహ: ఆ బిళ్ల లివర్‌ను తినేస్తుంది, ఒళ్లు నొప్పులు తెస్తుంది.

వాస్తవం: ఈ ఒక్క మాట నమ్మి బిళ్లలు మానేసినవాళ్లు ఎందరో. ఈ కొవ్వు బిళ్లల్లో ఉండేది స్టాటిన్ అనే మందు. తొలి స్టాటిన్‌ను 1973లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక బూజులోంచి కనిపెట్టాడు. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద పరీక్షిస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. 2004లో వచ్చిన ‘కార్డ్స్’ అధ్యయనంలో షుగర్ ఉన్న 2,838 మందిని చూశారు. బిళ్ల వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులు 37 శాతం తగ్గాయి. కాలేయం బాగా దెబ్బతినడం చాలా అరుదు. షుగర్ కొద్దిగా పెరగొచ్చు, గుండెకు దక్కే మేలు అంతకంటే ఎంతో పెద్దది. నొప్పుల సంగతంటారా, బాధలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక అధ్యయనంలో కొన్ని నెలలు అసలు బిళ్ల, కొన్ని నెలలు మందు లేని ఉత్త బిళ్ల ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్త బిళ్లతోనూ వచ్చాయి. కండరాల్లో తీవ్రంగా నొప్పి పుట్టి మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి. గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లో, స్టెంట్ పడ్డవాళ్లో ఉంటే ఈ రాత్రే ఆ ప్లాస్టిక్ కవరు విప్పండి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అని రాసున్న అట్ట వెతకండి. చివరి బిళ్ల ఎప్పుడు వేసుకున్నారో అడగండి. ఆపేసి ఉంటే కోప్పడొద్దు, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.