మేకపిల్లను ముట్టుకున్న చిట్టి చేతులు



మేకపిల్ల కనబడితే చేయి చాపని చంటిబిడ్డ ఉండదు. నేలమీద తిరిగే జంతువులను, నరుని దేవుడు ఆరవ దినమునే సృజించాడని ఆదికాండము మొదటి అధ్యాయములో చదువుతున్నాము. ఒకే దినమున పుట్టినవారికి ఒకరిమీద ఒకరికి మక్కువ ఉండడములో ఆశ్చర్యమేమున్నది? కాబట్టి మేము ఈ వ్యాసము వ్రాస్తున్నది పిల్లలను మూగజీవులకు దూరము చేయడానికి కాదు. ఎలా దగ్గర చేయాలో చెప్పడానికే.

పల్లెలో పెరిగిన బిడ్డకు పశువులపాక ఇంటిలో భాగమే. పట్నములో మూడవ అంతస్తులో పుట్టిన బిడ్డకైతే గొఱ్ఱె బొమ్మల పుస్తకములోనిది. ఇట్టి పిల్లల కొరకే పెట్టింగ్ జూలు వచ్చాయి. పిల్లలు దడి లోపలికి వెళ్లి మేకలను, గొఱ్ఱెలను, కుందేళ్లను నిమిరి, తమ చేతితో మేత పెట్టవచ్చును. అమెరికాలోను, ఇంగ్లండులోను ఇవి ఎప్పటినుండో ఉన్నాయి. కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో వెళ్లివచ్చిన మన సంఘముల పెద్దలు, మనుమడు మేకకు గడ్డి పెడుతున్న ఫోటో మురిపెముగా చూపిస్తూ ఉంటారు. ఆ ఫోటోలో మేము వెదికేది ఒకటే: బిడ్డ రెండవ చేయి ఎక్కడున్నది? చాలాసార్లు అది నోటిలోనే ఉంటుంది.

నార్త్ కరోలినా రాష్ట్రములోని రాలీ పట్టణములో ఏటేటా అక్టోబరులో స్టేట్ ఫెయిర్ జరుగుతుంది. మన తిరునాళ్ల వంటిదే అనుకోండి. ఆ చుట్టుపట్ల తెలుగు కుటుంబములు చాలా ఉన్నాయి. 2004లో ఆ సంతలోని ఒక పెట్టింగ్ జూకు వెళ్లివచ్చిన తరువాత 108 మంది జబ్బుపడ్డారు. వారిలో 15 మంది పిల్లలకు మూత్రపిండములు దెబ్బతిన్నాయి. దేవుని కృపవలన ఎవరూ చనిపోలేదు. అయితే 2019లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో సంతలో జంతువుల దగ్గరకు వెళ్లిన నలుగురు పిల్లలకు ఇదే జబ్బు సోకి, రెండేళ్ల పసివాడు ఒకడు కన్నుమూశాడు.

దీనికి కారణము ఈ.కోలై ఓ157 అనే సూక్ష్మక్రిమి. ఇది మనుష్యులకు జబ్బు తెస్తుందని తెలిసినది 1982లో, అమెరికాలో సరిగా ఉడకని మాంసము తిన్నవారివలన. ఆవుల, గొఱ్ఱెల, మేకల పేగులలో ఇది ఉంటుంది. వాటికి మాత్రము ఏ హానీ చేయదు. గనుక చూపులకు చక్కగా ఉన్న జంతువు మంచిదే అనుకోవడానికి వీలులేదు. అది పేడద్వారా బయటికి వస్తుంది. బొచ్చుకు, దడికి, నేలకు, చెప్పులకు అంటుతుంది. వందకు తక్కువ క్రిములు నోటిలోనికి పోయినా చాలును. అయిదేళ్ల లోపు పిల్లలకు ప్రమాదము మరీ ఎక్కువ.

రాలీలో విచారణ చేసినవారు కనుగొన్న సంగతులు ప్రతి తల్లీ తెలుసుకోదగినవి. పేడను గాని, పేడ అంటిన గడ్డిని గాని తాకిన పిల్లలు, అక్కడి నేలమీద పడిన లేక కూర్చున్న పిల్లలు ఎక్కువగా జబ్బుపడ్డారు. నోటిలో పాలపీక పెట్టుకున్నవారు, బొటనవ్రేలు చీకేవారు, మూతి ఉన్న కప్పుతో అక్కడే త్రాగినవారు కూడా అంతే. చేతులకు రాసుకొనే ఆల్కహాలు జెల్ వాడిన పిల్లలకు దానివలన రక్షణ కలిగినట్లు కనబడలేదు. పేడ, మట్టి అంటిన చేతిమీద అది సరిగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్లు కావలసినదే. కరోనా వచ్చిన తరువాత మన స్త్రీల సంచులన్నిటిలోను జెల్ సీసా చేరినది గనుక ఇది గట్టిగా చెబుతున్నాము. ఆ విచారణలో మరొక సంగతి కూడా తేలినది. జంతువులవలన జబ్బు రావచ్చునని ముందుగా తెలిసిన పెద్దలతో వెళ్లిన పిల్లలు తక్కువగా జబ్బుపడ్డారు! అందుకే ఈ రెండు పేజీలు వ్రాయడము మాకు దండుగ అనిపించలేదు.

ఆ మరుసటి సంవత్సరమే, అనగా 2005లో, జబ్బుపడిన ఒక బిడ్డ పేరు మీద ఆ రాష్ట్రములో చట్టము వచ్చినది. సంతలలో జంతువులను ఇలా ఉంచేవారికి అనుమతి, హెచ్చరిక బోర్డులు, చేతులు కడుగుకొనే చోటు తప్పనిసరి అయ్యాయి. క్రొత్త ఇల్లు కట్టించువాడు మిద్దెకు పిట్టగోడ కట్టించవలెనని ద్వితీయోపదేశకాండము 22:8లో ఉన్నది గదా! పడిపోయినవాడు అజాగ్రత్తగా నడిచాడని తప్పించుకొనడానికి ఆ ధర్మశాస్త్రములో ఇంటి యజమానికి వీలులేదు. పిలిచినవాడిదే బాధ్యత.

ఇంగ్లండులో సర్రే ప్రాంతమందున్న గాడ్‌స్టోన్ ఫార్మ్‌లో 2009 వేసవిలో 93 మంది జబ్బుపడ్డారు. ఎక్కువమంది పదేళ్ల లోపు పిల్లలు. వారిలో 17 మందికి మూత్రపిండముల జబ్బు వచ్చినది. ప్రొఫెసర్ జార్జ్ గ్రిఫిన్ అధ్యక్షతన జరిగిన విచారణ నివేదిక 2010లో వచ్చినది. చేతులు కడిగించడము మీదనే భారము వేసి ఊరుకోరాదు, అసలు పిల్లలకు పేడ తగలకుండ ఏర్పాటు చేయాలి అని అది చెప్పినది. ఇది మాకు న్యాయముగా తోస్తున్నది. మూడేళ్ల బిడ్డ చేతులు ఎంత శుభ్రముగా కడుగుకొంటుందో కన్నవారికి వేరే చెప్పాలా?

కాబట్టి లోపలికి వెళ్లేముందే పాలపీక, నీళ్ల సీసా, బిస్కెట్ పొట్లము, బొమ్మ బయట పెట్టండి. చంటిబిడ్డను చంక దించకండి. మేత అరచేయి చాపి పెట్టించండి; వ్రేళ్లతో పట్టుకొంటే కొరుకుతాయి. ముద్దు పెట్టనివ్వకండి. బయటికి రాగానే సబ్బుతో మీరే దగ్గరుండి కడగండి. తరువాత చెప్పులు విప్పి మరల కడగండి. ఎందుకంటే చెప్పులకు అంటినది తిరిగి చేతికి వస్తుంది. ఆ తరువాతే తినుబండారములు. గర్భిణీ స్త్రీలు ఈనుతున్న గొఱ్ఱెల దగ్గరకు, అప్పుడే పుట్టిన గొఱ్ఱెపిల్లల దగ్గరకు పోకూడదు.

జబ్బు సాధారణముగా మూడు, నాలుగు రోజులకు బయటపడుతుంది. పది రోజుల వరకు కూడా పట్టవచ్చును. కడుపునొప్పి, విరేచనములు, వాటిలో రక్తము కనబడతాయి. ఇక్కడే మన ఇండ్లలో జరిగే పొరపాటు ఉన్నది. మందుల షాపుకు పరుగెత్తి విరేచనములు కట్టే మాత్రయో, యాంటిబయాటిక్కో తెచ్చి వేస్తాము. ఈ జబ్బులో అవి రెండూ కీడు చేయవచ్చును. విరేచనములో రక్తము కనబడితే ఆసుపత్రికి తీసుకొనిపోయి, బిడ్డ ఏ జంతువును ముట్టుకున్నదో, ఏ రోజున ముట్టుకున్నదో డాక్టరుగారికి తప్పక చెప్పండి. విరేచనములు తగ్గుతున్నప్పుడు బిడ్డ పాలిపోయి, నీరసించి, మూత్రము తగ్గితే ఇంక ఆలస్యము చేయరాదు. వ్యాధిగ్రస్తులలో నూటికి అయిదు నుండి పదిమందికి మూత్రపిండములు దెబ్బతినేది ఆ సమయములోనే.

సంతలో కొని తెచ్చే రంగు కోడిపిల్లలు సాల్మొనెల్లా అనే మరొక క్రిమిని మోయగలవు. అయిదేళ్ల లోపువారి చేతికి వాటిని ఇవ్వకండి. మన దేశములో మరొక భయము కూడా ఉన్నది. ఏ జంతువు కరచినా, గీరినా, ఆ చోటును సబ్బుతో పారే నీళ్లక్రింద పదిహేను నిమిషములు కడిగి, అదే రోజున ఆసుపత్రిలో రేబీస్ టీకా గురించి అడగాలి. పసుపు, కారము, సున్నము పూయరాదు.

ఇక మన మందిరముల సంగతి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామములో అసిస్సీ ఫ్రాన్సిస్ క్రిస్మస్ రాత్రి నిజమైన ఎద్దును, గాడిదను నిలిపి పశువులతొట్టి దృశ్యము చూపించాడు. ఇప్పుడు మన సంఘములలో కూడా పండుగ రాత్రి ఆవరణములో గొఱ్ఱెలను, దూడను కట్టివేస్తున్నారు. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ ప్రక్కనే కేకు, టీ పంచుతారు. పిల్లలు దూడను నిమిరిన చేతితోనే కేకు అందుకొంటారు. తొట్టి ఒక మూల, తినే బల్ల మరొక మూల ఉండనివ్వండి. మధ్యలో ఒక నీళ్ల డ్రమ్ము, దానికి కుళాయి, సబ్బు పెట్టి, యౌవనస్థులలో ఇద్దరిని అక్కడ నిలబెట్టండి. గొఱ్ఱెల కాపరుల వేషము వేసిన పిల్లలు గడ్డిమీద కూర్చుంటారు గనుక, నాటిక ముగియగానే ముందుగా వారి చేతులు కడిగించండి.