సెక్యూరిటీ డిపాజిట్

అద్దె ఇంట్లో చేరేటప్పుడు మనం ‘అడ్వాన్స్’ అని ఇచ్చేది ఇదే. అద్దె బాకీ పడినా, ఇంటికి నష్టం జరిగినా రాబట్టుకోవడానికి యజమాని దగ్గర ఉంచే హామీ సొమ్ము. అది కిరాయిదారుడి డబ్బే, యజమాని ఆదాయం కాదు. తెలుగువాళ్లు ఎందరో ఉద్యోగాలు చేసుకునే బెంగళూరులో దీన్ని పది నెలల అద్దె దాకా అడగడం ఏళ్లుగా ఉన్న అలవాటు. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకు ఇది మోయలేని భారం.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీనికి హద్దు పెట్టింది. నివాసానికైతే గరిష్ఠంగా రెండు నెలల అద్దె, దుకాణాలు, ఆఫీసులకైతే ఆరు నెలలు. బకాయిలు మినహాయించుకుని మిగతాది ఇల్లు అప్పగించే సమయంలోనే తిరిగివ్వాలి. ‘కొత్తవాళ్లు చేరాక ఇస్తాం’ అంటే కుదరదు. అయితే, ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

గొడవలు ఎక్కువగా వచ్చేది పెయింటింగ్ పేరుతో పెట్టే కోత దగ్గరే. గోడలకు సున్నం, తలుపులు, కిటికీలకు రంగులు, పైపుల మార్పు, వైరింగ్ యజమాని బాధ్యతలని నమూనా చట్టం రెండో షెడ్యూలు చెబుతోంది. కుళాయి వాషర్లు, స్విచ్చుల మరమ్మతు కిరాయిదారుడివి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఆ రాతే చెల్లుతుంది. అందుకే సంతకానికి ముందు పెయింటింగ్ షరతు చదవాలి, అడ్వాన్స్ బ్యాంకు ద్వారా చెల్లించాలి, చేరిన రోజే గోడలు, ఫిట్టింగుల ఫొటోలు తీసి యజమానికి పంపాలి.