అనధ్యయనము – విద్యార్థికి విధింపబడిన విశ్రాంతి



క్రిందటి సంవత్సరము ఒక సాయంకాలము ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్న కుమారుని వెంటబెట్టుకొని ఒక గృహస్థు నా వద్దకు వచ్చినాడు. "స్వామీ, వీడు పుస్తకము ముట్టుట లేదు. ఏదైన సరస్వతీ మంత్రము ఉపదేశింపుడు" అని కోరినాడు. పిల్లవాడు తల వంచుకొని కూర్చున్నాడు.

"రాత్రి ఎన్ని గంటలకు పడుకొందువు నాయనా?" అని అడిగినాను.

"రెండు, మూడు అవుతుంది తాతగారూ. మళ్ళీ ఎనిమిదింటికి ల్యాబు."

"భోజనము?"

"పొద్దున తినను. లేచేసరికి హాస్టల్లో టిఫిను అయిపోతుంది."

"పుస్తకము తెరచినప్పుడు ఏమగుచున్నది?"

"అక్షరాలు కనబడతాయి. ఒకే పేజీ నాలుగుసార్లు చదువుతాను. లోపలికి ఏమీ పోదు. మొదటి సంవత్సరం ఇట్లా ఉండేది కాదు."

తండ్రి దీనిని బద్ధకమన్నాడు. నేను అట్లనలేకపోయినాను. అందుకు కారణము తరువాత చెప్పెదను.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో శ్వేతకేతువు కథ కలదు. పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవ యేట సర్వవేదములు చదివి ఇంటికి వచ్చినవాడతడు. తండ్రియైన ఉద్దాలకుడు అతనితో, "పదిహేను దినములు అన్నము తినకుము, నీరు మాత్రము కావలసినంత త్రాగుము" అని చెప్పినాడు. పదునారవ దినమున వచ్చిన కుమారుని ఋక్కులు, యజుస్సులు, సామములు చెప్పుమన్నాడు. పండ్రెండేండ్లు వల్లించినవానికి ఒక్కటియు తోచలేదు. అప్పుడు తండ్రి కోపింపలేదు, మరల చదువుమనలేదు. పెద్ద అగ్నిలో మిణుగురుపురుగంత నిప్పుకణిక మాత్రమే మిగిలినచో అది ఎక్కువ దేనిని కాల్చగలదు? నీ పదునారు కళలలో ఒక్కటియే మిగిలినది, పోయి భోజనము చేసి రమ్మన్నాడు. అతడు తిని వచ్చినాడు, అడిగినదెల్ల చెప్పినాడు. ఆ కణికకే గడ్డిపరక అందించి రగిల్చినట్లయినదని తండ్రి వివరించినాడు.

మనస్సు అన్నమయమని బోధించుటకు ఈ కథ వచ్చినది. వేదాంతపాఠములో దానిని అంతవరకే చెప్పి ముందుకు పోవుదుము. కాని చదువుకొను పిల్లల తల్లిదండ్రులు ఇందు మరొక విషయము గమనింపవలెను. శ్వేతకేతువు విద్య ఎక్కడికిని పోలేదు. లోపలనే ఉన్నది. దానిని పైకి తెచ్చు శక్తి మాత్రము క్షీణించినది. నేటివారు బర్న్‌అవుట్ అను మాటకును మూలార్థము కాలిపోవుటయే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను ఉద్యోగములో ఎడతెగని ఒత్తిడివలన కలుగు స్థితిగా నిర్వచించినది, రోగముగా పరిగణింపలేదు. విశ్వవిద్యాలయములలో చదువు నేడు ఉద్యోగముకంటె తక్కువ బరువుగా లేదు గనుక విద్యార్థుల విషయములోను ఆ మాట వాడుచున్నారు.

మన పూర్వులు ఈ స్థితి రాకముందే ఏర్పాటు చేసినారు. దానికే అనధ్యయనమని పేరు. రెండు పక్షములలోను అష్టమి, చతుర్దశి, పాడ్యమి, వీనితో పూర్ణిమ, అమావాస్య – వెరసి నెలకు ఎనిమిది దినములు మా పాఠశాలలో సంథ ఉండెడిది కాదు. అందును చతుర్దశి మొదలు పాడ్యమి వరకు వరుసగా మూడు దినములు సెలవు. ఉరుములు ఉరిమినను, ధూళిగాలి వీచినను, శిష్టుడైన అతిథి ఇంటికి వచ్చినను పాఠము ఆగవలసినదే. అజీర్ణముగా ఉన్నప్పుడు చదువరాదనియు, పడుకొని చదువరాదనియు మనుస్మృతి నాలుగవ అధ్యాయములో ఉన్నది. (మంచముమీద ఫోను పట్టుకొని పాఠములు వినువారు ఈ రెండవదానిని కొంచెము ఆలోచింపవలెను.)

సుందరకాండలో హనుమంతుడు తిరిగివచ్చి సీతమ్మ కృశించినదని వానరులకు చెప్పుచు, పాడ్యమినాడు చదువువాని విద్యవలె సన్నగిల్లినదన్నాడు. వినువారికి తెలిసినదానినే కదా ఉపమానముగా చెప్పుదురు! ఆగకుండ చదివిన విద్య చిక్కిపోవునని ఆనాడు అందరికిని తెలియును.

నాకు మాత్రము పదమూడవయేట తెలిసినది. క్రమపాఠములో తోటివానిని మించవలెనని పాడ్యమినాడు గోశాల వెనుక చాటుగా వల్లె వేసినాను. మరునాడు సంథలో, బాగుగా వచ్చిన పనసయే తారుమారైనది. గురువుగారు కారణమడిగి, నవ్వి, "మూడు దినములు పుస్తకము ముట్టకు, ఆవులను తోలుకొని పో" అన్నారు. నాలుగవ దినమున ఆ పనస దానంతటదియే వచ్చినది. పగలు చదివినది నిద్రలో జ్ఞాపకమున కుదురుకొనునని నేటి వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. అనధ్యయన నియమము వేదమునకే గాని అంగములకు లేదని మనువే రెండవ అధ్యాయములో చెప్పినాడు కదా, ఇంజనీరింగునకు అదెట్లు వర్తించును? నిజమే, వర్తింపదు. పాడ్యమినాడు గణితము చదివిన దోషమని నేను చెప్పుటలేదు. విశ్రాంతిని విద్యార్థి ఇష్టమునకు వదలక, విద్యలోనే భాగముగా విధించిన ఆ పద్ధతిని గ్రహింపుమని చెప్పుచున్నాను. విధి అయినందున విశ్రమించువానికి అపరాధభావము ఉండదు. నేటి పిల్లవాడు సెలవునాడు కూడ తోటివాడు చదువుచున్నాడేమో అని కుములుచున్నాడు. అది సెలవు కాదు.

ముందు చెప్పెదనన్న కారణమిది. ఇరువది సంవత్సరముల క్రిందట నా తమ్ముని కుమారుడు నగరములో చదువుచు, చదువు ఎక్కుటలేదని నాకు ఉత్తరము వ్రాసినాడు. నాలుగు గంటలకే లేచి ఒక గంట జపము అధికముగా చేయుమని బదులు వ్రాసినాను. పిల్లవాడు వినయముతో అట్లే చేసినాడు. ఉన్న నిద్రయు పోయినది. సంక్రాంతికి ఇంటికి వచ్చి, ఎవరితోను మాట్లాడక, తిరిగి కళాశాలకు పోలేదు. అతడు నన్ను ఏనాడును నిందింపలేదు. జపము మంచిదే, కాని మోయలేనివాని తలమీద ఇంకొక మూట పెట్టినవాడను నేను.

బద్ధకస్థుడు ఆటకు పిలిచిన ఉత్సాహముతో పోవును. అలసి కాలిపోయినవానికి ఆటయు రుచింపదు. సెలవు ముగిసినను తేరుకొనక, నిద్రాహారములు తప్పి, బ్రతికి ఏమి ప్రయోజనమని పిల్లలు అనుచున్నచో అది మావంటి పండితులకు చెప్పి ఊరుకొనవలసిన విషయము కాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అను నంబరున ఫోను చేసిన రాత్రింబవళ్ళు ఉచితముగా, తెలుగులోనే మాటాడుదురు. విశాఖపట్నములో చదువుచు మరణించిన ఒక విద్యార్థిని విషయమై వచ్చిన వ్యాజ్యములో, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోను అర్హతగల సలహాదారు ఉండవలెనని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించినది. మీ పిల్లల కళాశాలలో ఉన్నారేమో అడుగుడు.

ఆ పిల్లవానికి నేను మంత్రమీయలేదు. పదిదినములు ఇంటికి తీసికొనిపొమ్మన్నాను. మొదటి నాలుగు దినములు నిద్రించుచునే ఉన్నాడట. తండ్రి దినములు లెక్కపెట్టినాడట. రెండు పేపర్లు తరువాత వ్రాయుటకు వదలుకొన్నాడు. కళాశాలలోని సలహాదారు వద్దకు వారమునకొకసారి పోవుచున్నాడు. మొన్న అష్టమినాడు మా పాఠశాల పిల్లలు చెరువుగట్టున ఆడుచుండగా, అతడును చెప్పులు విడిచి వారిలో ఉండుట చూచినాను.