ముంపు తరువాతి పది రోజులు: హైదరాబాద్ పశ్చిమ శివార్లలో అశ్వ సంరక్షణ

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా నగరం పశ్చిమానికి విస్తరిస్తూ వచ్చింది. ఆ విస్తరణతో పాటు, పశువైద్య విస్తరణ విభాగం అంతగా గమనించని ఒక పశుపోషణ కూడా నగరం అంచుకు చేరింది. నార్సింగి దాటి అజీజ్‌నగర్, మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల దారుల్లో గుర్రపుస్వారీ శిక్షణ కేంద్రాలు, తోటల్లో సరదాకు పెంచే రెండు మూడు గుర్రాలు, పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిచ్చే గుర్రాలు కనిపిస్తాయి. దేశం మొత్తం మీద మాత్రం ఈ జాతి తగ్గుతోంది. 2012 గణనలో 6.25 లక్షలుగా ఉన్న గుర్రాలు, టట్టువుల సంఖ్య 2019లో జరిగిన 20వ పశుగణనలో 3.42 లక్షలకు పడిపోయింది. సంఖ్య తక్కువ కాబట్టి మన వరద సూచనలు ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ళ దగ్గరే ఆగిపోతాయి. గుర్రం విషయానికి వచ్చేసరికి యజమాని విదేశీ కరపత్రాల మీద ఆధారపడతాడు.

ఆ కరపత్రాలు మన పరిస్థితికి పూర్తిగా సరిపోవు. ఇంగ్లండులోని సోమర్సెట్ పల్లపు భూములలో 2013-14 శీతకాలంలో వచ్చిన ముంపు వారాల తరబడి నిలిచింది. అక్కడి సలహాలన్నీ నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తీసే చల్లని నీటిని దృష్టిలో ఉంచుకుని వ్రాసినవి. మన దగ్గర వర్షాకాలం చివర, చలి మొదలయ్యే ముందు వచ్చే వరద గంటలలో పెరిగి, ఒకటి రెండు రోజులలో తీస్తుంది. అందువల్ల ఈ ప్రాంతంలో గుర్రాలు నీటిలో మునిగి చనిపోవడం కంటే, నీరు తీసిన తరువాతి పది రోజులలో మేత వల్ల, గిట్టల వల్ల, గాయాల వల్ల దెబ్బతినే అవకాశమే ఎక్కువ. ఈ వ్యాసం ప్రధానంగా ఆ పది రోజుల గురించి.

నీరు ఎటునుండి వస్తుంది?

మొయినాబాద్ పరిసరాలలో గుర్రపుశాలలు వెలియడానికీ, వాటికి వరద భయం ఉండడానికీ మూలం ఒక్కటే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్ సాగర్ (1927) నిర్మించారు. ఆ జలాశయాల రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన జీ.ఓ. 111, 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో జీ.ఓ. 69 ఆ ఆంక్షలను సడలించే వరకు ఈ గ్రామాలలో విశాలమైన ఖాళీ భూమి మిగిలింది. గుర్రానికి కావలసినదీ అదే. కానీ అది నీరు చేరడానికి ఉద్దేశించిన భూమి కూడా.

విస్తరణ అధికారి మొదట అడగవలసిన ప్రశ్న, శాల జలాశయానికి ఎగువన ఉందా, దిగువన ఉందా అన్నది. ఎగువన ఉన్నచోట నీరు వెనుకకు తన్ని నెమ్మదిగా పెరుగుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది, బురద మిగులుస్తుంది. దిగువన, అంటే నార్సింగి, మంచిరేవుల, రాజేంద్రనగర్ వైపున, గేట్లు ఎత్తిన కొద్దిసేపటికే ప్రవాహం వస్తుంది. ఉస్మాన్ సాగర్ పూర్తి స్థాయి నీటిమట్టం 1790 అడుగులు. హిమాయత్ సాగర్‌ది 1763.50 అడుగులు. ఎగువ యజమాని ఈ మట్టాలను గమనించాలి, దిగువ యజమాని గేట్ల ప్రకటనలను గమనించాలి. ఇద్దరికీ ఒకే హెచ్చరిక పంపితే ఒకరికి అది ఆలస్యమవుతుంది.

2020 అక్టోబరు 13 రాత్రి ఇందుకు మంచి ఉదాహరణ. 24 గంటలలో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు, నగరానికి తూర్పున ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు వర్షం నమోదైంది. అదే రాత్రి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. 2025 సెప్టెంబరు 26-27 రాత్రి రెండు జలాశయాల నుండి వదిలిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణంలోకి చేరింది. గేట్లు ఎత్తినప్పుడు నార్సింగి - మంచిరేవుల దారి, హిమాయత్ సాగర్ దగ్గరి బాహ్య వలయ రహదారి సర్వీసు రోడ్డు మునగడం పరిపాటి. గుర్రాలను తరలించే వాహనం రావలసిన దారులలో ఇవి ముఖ్యమైనవి. కనుక గేట్లు ఎత్తారన్న వార్త విన్నాక వాహనం కోసం ఫోను చేయడం వ్యర్థం. తరలింపు నిర్ణయం దానికి ముందురోజే జరగాలి. కుదరకపోతే ఆవరణలోనే ఎత్తైన చోటు సిద్ధంగా ఉండాలి.

ఎత్తైన చోటు అంటే పెద్ద కట్టడం అక్కరలేదు. రాళ్ళు పరిచి, పైన మొరం పోసి దట్టించిన దిబ్బ చాలు. ఎర్ర చలక నేలల్లో ఇది త్వరగా ఆరుతుంది. చేవెళ్ల వైపు రేగడి నేలల్లో మాత్రం చుట్టూ నీరు పోయే కాలువ లేకపోతే దిబ్బ అంచులు బురదలో కూరుకుపోతాయి. నీరు వచ్చే వేళ గుర్రాన్ని కట్టివేసి ఉంచడం, గదిలో గొళ్ళెం పెట్టి వదలడం రెండూ ప్రాణాంతకాలే. గుర్రం ఈదగలదు, కానీ తాడుతో ఈదలేదు. నైలాన్ ముఖపట్టీ ముళ్ళకంచెకు తగులుకుంటే తెగదు. తోలు పట్టీ అయితే తెగుతుంది. గుర్రాన్ని వదలవలసి వస్తే గిట్ట మీద చెరగని రంగుతో యజమాని ఫోను నంబరు వ్రాయాలి. మైక్రోచిప్ ఉన్నా, దారిలో దొరికిన గుర్రానికి దాన్ని చదివే పరికరం గ్రామంలో ఉండదు.

మేత, నీరు, శూల

గుర్రం వాంతి చేసుకోలేదు. జీర్ణాశయంలో చేరిన చెడు మేత ముందుకే పోవాలి. 450 కిలోల గుర్రం రోజుకు 7 నుండి 9 కిలోల ఎండుగడ్డి తింటుంది, 25 నుండి 45 లీటర్ల నీరు త్రాగుతుంది. వరద మరుసటి రోజు ఈ రెండూ ఒక్కసారిగా మారుతాయి. రుచి మారిన నీటిని గుర్రం తక్కువ త్రాగుతుంది. ప్రేగులోని మేత ఎండి గడ్డకట్టి శూల వస్తుంది. నీట మునిగిన బోరు బావిని బ్లీచింగ్ పౌడరుతో శుద్ధిచేసి, కొంతసేపు నీటిని వదిలేసిన తరువాతనే వాడాలి. అంతవరకు మూతవేసిన ట్యాంకులో కనీసం మూడు రోజుల నీరు నిలువ ఉండాలి. పది గుర్రాల శాలకు రోజుకు 45 లీటర్ల చొప్పున ఇది సుమారు 1,350 లీటర్లు.

తడిసిన ఎండుగడ్డిని ఎండబెట్టి మళ్ళీ పెట్టడం మన దగ్గర అలవాటు. ఆవులకే అది మంచిది కాదు. గుర్రానికి మరీ ప్రమాదం. తడిసిన మొక్కజొన్న మీద పెరిగే ఫ్యుజేరియం బూజు విడుదల చేసే ఫ్యుమోనిసిన్ గుర్రం మెదడులోని తెల్ల పదార్థాన్ని కరిగిస్తుంది. తడిసి మొలకెత్తిన ధాన్యాన్ని, ఉలవలను ‘వృథా చేయడం ఎందుకు’ అని ఒక్కసారిగా పెడితే గిట్టలోపలి పొరల వాపు వస్తుంది. అలాంటి గుర్రం ముందుకాళ్ళ మీద బరువు వేయలేక వెనుకకు వాలి నిలబడుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గురించి కరపత్రాలలో అరుదుగా ఉంటుంది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుప్రక్కల కోళ్ళ ఫారాలు ఉన్నాయి. గుర్రాల దాణా తడిసిపోతే పక్క ఫారం నుండి బ్రాయిలర్ దాణా బస్తా తేవడం సహజంగా తోచే పని. కోళ్ళలో కాక్సిడియోసిస్ నివారణకు ఆ దాణాలో మోనెన్సిన్ లేదా సాలినోమైసిన్ వంటి అయనోఫోర్లు కలుపుతారు. కోడి తట్టుకునే మోతాదును గుర్రం తట్టుకోలేదు. సాలినోమైసిన్ విషయంలో గుర్రాలలో సగం చనిపోయే మోతాదు శరీర బరువు కిలోకు సుమారు 0.6 మిల్లీగ్రాములు, అంటే 450 కిలోల గుర్రానికి 270 మిల్లీగ్రాములు. కిలో దాణాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇది నాలుగున్నర కిలోల దాణాలోనే చేరిపోతుంది. పనిచేసే గుర్రానికి ఒక్క రోజు పెట్టే దాణా దాదాపు అంతే. చెమటలు, తూలడం, మూత్రం రంగు ముదరడం లక్షణాలు. విరుగుడు లేదు. బ్రతికిన గుర్రంలో కూడా గుండె కండరం దెబ్బతిని, నెలల తరువాత స్వారీలో కుప్పకూలవచ్చు. విస్తరణ సిబ్బంది ఒక్క సూచన మాత్రమే చేయగల సమయం ఉంటే, ఈ సూచనే చేయాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం: గుర్రానికి కోళ్ళ దాణా పెట్టరాదు, పెట్టగా మిగిలిన బస్తాను పారవేయకుండా లేబులుతో సహా వైద్యునికి చూపాలి.

నీరు తీసిన పొలంలో గడ్డికి ఒండ్రు, ఇసుక అంటి ఉంటాయి. ఒక వాన కురిసి గడ్డి కడిగినట్లయ్యే వరకు గుర్రాన్ని మేతకు వదలకూడదు. ఇసుక చేరిందన్న అనుమానం ఉంటే, నేలకు తాకని తాజా పేడను గుప్పెడు తీసుకుని బకెట్ నీటిలో కలిపి పావుగంట ఉంచితే, ఇసుక అడుగున తేరుతుంది.

గిట్ట, చర్మం, చలి

నీటిలో గంటల తరబడి నిలిచిన గిట్ట మెత్తబడి, లాడం మేకులు వదులవుతాయి. గిట్ట అడుగున మధ్యలో ఉండే త్రికోణాకారపు మెత్తటి భాగం కుళ్ళి, నల్లని దుర్వాసన గల ద్రవం కారుతుంది. మొదటి రోజునే గిట్టలను శుభ్రపరచి, పొడి నేల మీద రోజుకు కొన్ని గంటలైనా నిలబెట్టడం ఏ మందుకన్నా ముఖ్యం. వదులైన లాడాన్ని ఉంచడం కన్నా తీయించడమే మేలు. ముళ్ళు, మేకులు గుచ్చుకున్న చోట చీము పట్టడం వెంటనే బయటపడదు. వారం పది రోజులకు ఒక కాలు మీద అకస్మాత్తుగా భరించలేని కుంటు కనిపిస్తుంది. ఎముక విరిగిందని యజమాని భయపడే సందర్భాలలో కొన్ని నిజానికి ఇవే.

చర్మం మీద పొక్కులు కట్టి, వెంట్రుకలు కుచ్చులుగా ఊడిరావడం డెర్మటోఫైలస్ లక్షణం. పొక్కులను ఒక్కసారిగా పెరికివేయకుండా నానబెట్టి తీసి, ఆరబెట్టాలి. కాళ్ళకంటిన బురదను పదే పదే కడగడం కన్నా, ఆరనిచ్చి బ్రష్షుతో దులపడం మంచిది.

అక్టోబరు చివర నుండి రాత్రి ఉష్ణోగ్రతలు తగ్గుతాయి. శేరిలింగంపల్లి, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ ప్రాంతాలలో చలికాలం మధ్యలో 10 డిగ్రీల కంటే తక్కువకు పడిపోయే రాత్రులు ఉంటాయి. పొడిగా ఉన్న గుర్రానికి ఈ చలి లెక్కలోనిది కాదు. తడిసిన వెంట్రుకలు, గాలి కలిసినప్పుడే ఇబ్బంది. తడి మీద దుప్పటి కప్పకుండా గోనెపట్టతో తుడిచి ఆరబెట్టాలి. వెచ్చదనానికి దాణా పెంచడం పొరపాటు. పొడి ఎండుగడ్డి పెంచాలి. దాని పులియడం వల్ల పెద్ద ప్రేగులో పుట్టే వేడే గుర్రానికి ఆసరా.

వ్యాధులు, తరలింపు శిబిరాలు

పెంపుడు జంతువులలో ధనుర్వాతానికి ఎక్కువగా లోనయ్యేది గుర్రం. గాయమైన గుర్రానికి చివరి టీకా వేసి ఆరు నెలలు దాటితే మళ్ళీ వేయించాలి. అసలు టీకా లేని గుర్రానికి విషనిరోధక సీరం కూడా కావాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే టీకా పూర్తిచేయడం సులభమైన మార్గం. నీరు నిలిచిన తరువాత జోరీగలు పెరిగి సర్రా వ్యాధిని వ్యాపింపజేస్తాయి. వచ్చిపోయే జ్వరం, పొట్ట క్రింద వాపు, తిండి తింటున్నా చిక్కిపోవడం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. లెప్టోస్పైరోసిస్ వల్ల నెలల తరువాత కంటివాపు తిరగబెట్టవచ్చు.

వేర్వేరు శాలల గుర్రాలను ఒకే ఎత్తైన చోటికి చేర్చినప్పుడు తొట్లు, బకెట్లు వేరుగా ఉంచడం తప్పనిసరి. గ్లాండర్స్ మనుషులకూ సోకే వ్యాధి. 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం క్రింద తప్పక తెలియజేయవలసినది. ముక్కు నుండి చిక్కటి స్రావం ఉన్న గుర్రాన్ని శిబిరంలోకి రానీయకుండా, నమూనాను పశుసంవర్ధక శాఖ ద్వారా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించాలి.

నష్టపరిహారం

2022-23 నుండి 2025-26 వరకు వర్తించేలా నిర్ణయించిన రాష్ట్ర విపత్తు స్పందన నిధి ప్రమాణాలలో గుర్రం ఉన్నది, కానీ ఎద్దు, ఒంటెలతో పాటు బరువు లాగే జంతువుల వర్గంలో. ఒక్కొక్కదానికి రూ. 32,000, కుటుంబానికి మూడు పెద్ద జంతువుల వరకే. పాడిగేదె, ఆవులకు ఇది రూ. 37,500. జీవనోపాధికి ఉపయోగపడే జంతువులకే ఈ సహాయం ఉద్దేశించినది కనుక, పెళ్ళి ఊరేగింపుల గుర్రం యజమాని దీనిని కోరవచ్చు; తోటలో సరదాకు పెంచే గుర్రం యజమాని బీమా మీదనే ఆధారపడాలి. మొదటివాని దగ్గర తరచుగా ఏ కాగితమూ ఉండదు. వరద కాలానికి ముందే గుర్రం రంగు, గుర్తులు, రెండు వైపుల ఫోటోలు, టీకాల వివరాలు ఒక పుస్తకంలో నమోదు చేయించి స్థానిక పశువైద్యశాలలో ఒక ప్రతి ఉంచితే, పంచనామా రోజున వివాదం ఉండదు. మరణం సంభవిస్తే శవపరీక్ష జరిగే వరకు కళేబరాన్ని పూడ్చరాదు. పూడ్చేటప్పుడు ఈ రెండు జలాశయాల పరీవాహక గ్రామాలలో వాగులకు, బోర్లకు దూరంగా ఎత్తైన నేలను ఎన్నుకొని, లోతుగా తవ్వి సున్నం చల్లాలి.